గెలాక్సీ గుచ్ఛాల బరువు: వీక్ లెన్సింగ్ చెప్పిందే చివరి మాటా?

పర్లాకిమిడి మాస్టారు:
నిన్న సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున మా డిగ్రీ పిల్లలతో మొదలైన వాదన ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న గెలాక్సీ గుచ్ఛం, అంటే వందల గెలాక్సీల గుంపు, దాని బరువు కట్టడానికి రెండు పెద్ద దారులున్నాయి. గుచ్ఛం నిండా ఉండే కోట్ల డిగ్రీల వేడి వాయువు ఎక్స్‌రేలు ఇస్తుంది. ఆ వాయువు చెదిరిపోకుండా ఉండాలంటే ఎంత బరువు పట్టి ఉంచాలో లెక్క కట్టడం ఒక దారి. రెండోది వీక్ లెన్సింగ్. గుచ్ఛానికి వెనకాల, ఇంకా దూరంలో ఉన్న గెలాక్సీల వెలుగు దీని పక్కనుంచి వస్తూ వంగుతుంది, దాంతో వాటి ఆకారాలు కాస్త సాగినట్టు కనబడతాయి, ఆ సాగుడు కొలిచి మధ్యలో ఎంత బరువుందో చెబుతారు.

నేను లెన్సింగ్ వైపే. వాయువు కుదురుగా ఉందా, రెండు గుచ్ఛాలు గుద్దుకుని అల్లకల్లోలంగా ఉందా అన్నది దానికి అనవసరం. బరువుంటే వెలుగు వంగుతుంది. గుద్దుకున్న రెండు గుచ్ఛాల జంట బుల్లెట్ క్లస్టర్ సంగతే చూడండి, ఎక్స్‌రేల్లో వాయువు మధ్యలో చిక్కుకుపోయి ఉంది, 2006లో ప్రచురించిన లెన్సింగ్ పటంలో బరువు మాత్రం గెలాక్సీలతో పాటు ముందుకు వెళ్లిపోయి కనిపించింది. వాయువును నమ్ముకుని ఉంటే బరువు ఎక్కడుందో కూడా తెలిసేది కాదు.

గుణుపురం రైతుబిడ్డ:
నమస్కారం మాస్టారూ. బరువు ఎక్కడుందో చూపించడం వేరు, ఎంతుందో తూచి చెప్పడం వేరు. బుల్లెట్ క్లస్టర్ మొదటిదానికి గట్టి సాక్ష్యం, ఒప్పుకుంటాను. నా గొడవ రెండోదాని గురించే. లెన్సింగ్ వల్ల గెలాక్సీ ఆకారం మారేది కొద్ది శాతం, గుచ్ఛం లోపలికి పోయేకొద్దీ మహా అయితే పది. అదే గెలాక్సీకి పుట్టుకతో ఉన్న వంకర దాదాపు 30 శాతం. గోల మధ్యలో గుసగుస వినడం లాంటిది కదా ఇది. పైగా నేల మీది టెలిస్కోపు అయితే గాలి వల్ల ప్రతి బొమ్మా అలుక్కుపోతుంది.

బరంపురం మగ్గం:
చెల్లీ, ఈ గుసగుస మేం రోజూ వింటాం. మాది దేవాంగుల ఇల్లు, పట్టు చీరలు నేస్తాం. పడుగు ఒక పక్క బిగువు తగ్గితే పేక ఏటవాలుగా పోతుంది. అప్పుడు బుటాలన్నీ ఒకే వైపు ఒక వెంట్రుకవాసి ఒరుగుతాయి. ఒక్క బుటా చూస్తే ఏమీ తెలియదు, చేతి పని కాబట్టి ఏ బుటా అయినా అటో ఇటో ఉంటుంది. మా నాన్న చీరను కింద పరిచి, నాలుగడుగులు వెనక్కి నడిచి, కళ్లు సగం మూసి చూసేవారు. అప్పుడు తెలిసిపోయేది బిగువు ఎక్కడ తగ్గిందో. మాస్టారు చెప్పిన లెన్సింగ్ నాకు అలాగే అర్థమైంది.

గుణుపురం రైతుబిడ్డ:
పోలిక చాలా బాగుంది అన్నా, కానీ ఒక తేడా ఉంది. బుటా నిలువుగా ఉండాలని మీకు ముందే తెలుసు. గెలాక్సీ అసలు ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు.

ఇంకోటి. మండీలో కట్నీ ఛట్నీ, అంటే ధాన్యం తూకంలో కోత, ఆ బాధ ఇక్కడ అందరికీ తెలిసిందే. ఒక మిల్లులో మా నాన్న ధాన్యానికి తేమ పరీక్ష కూడా చేయకుండా క్వింటాకు ఐదు కిలోలు కోశారు. ఎందుకంత అంటే లెక్క సరిపోవాలి అన్నారు. ప్లాంక్ ఉపగ్రహం గుచ్ఛాల లెక్క చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. అదే ఉపగ్రహం కొలిచిన విశ్వపు తొలి వెలుగును బట్టి ఉండాల్సినన్ని గుచ్ఛాలు కనబడలేదు. ఆ రెండూ కలవాలంటే వాయువు పద్ధతి నిజమైన బరువులో 60 శాతమే చూపిస్తోందని అనుకోవాలట! ఫలితం కలవడానికి పెట్టుకున్న కోత కొలత ఎలా అవుతుంది?

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, నువ్వు పట్టుకున్నదే అసలు పాయింటు. ఎంత కోయాలో మిల్లు వాడే చెప్పకూడదు, వేరే కాటా మీద తూచాలి. ఆ వేరే కాటాయే లెన్సింగ్. అవే గుచ్ఛాలను దానితో తూచినప్పుడు ఆ 60 శాతం బదులు ఒక బృందానికి 69 శాతం, ఇంకో బృందానికి 76 శాతం వచ్చింది. అంటే వాయువు పద్ధతి నిజంగానే తక్కువ చూపిస్తోంది, కానీ ప్లాంక్‌కు కావాల్సినంత తక్కువ కాదు. అడిగినవాళ్లకు నచ్చే జవాబు చెప్పలేదు చూశావా, అందుకే నాకు ఆ కాటా మీద గౌరవం.

గెలాక్సీ అసలు ఆకారం తెలియదన్నావు. తెలియాల్సిన పని లేదు. గుచ్ఛం అక్కడుందని వెనకాల గెలాక్సీలకు తెలియదు కాబట్టి అవి ఏ దిక్కుకైనా తిరిగి ఉండొచ్చు, సగటు తీస్తే పుట్టుక వంకరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పదివేల గెలాక్సీల సగటు తీస్తే ఆ 30 శాతం గోల 0.3 శాతానికి దిగుతుంది. దీనికి ఒక తనిఖీ కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. గుచ్ఛం చుట్టూ వచ్చే సాగుడు వలయం వెంబడే ఉండాలి. కొలిచే దిక్కును 45 డిగ్రీలు తిప్పి మళ్లీ సగటు తీస్తే సున్నా రావాలి. రాకపోతే తప్పు మన కొలతలోనే ఉంది.

రాయగడ నుంచి:
2024లో వచ్చిన ఈరోసిటా అనే ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోపు ఫలితం ఎవరూ చెప్పలేదేం? ఎక్స్‌రేలతో పట్టుకున్న 5 వేలకు పైగా గుచ్ఛాలు, వాటి బరువుకు ఆధారం మాత్రం వీక్ లెన్సింగ్. ఈసారి జవాబు ప్లాంక్ తొలి వెలుగు లెక్కతో కలిసింది. రెండు కాటాలూ కలిపి వాడారు, ఇక్కడ మనం ఏదో ఒకటే ఉండాలన్నట్టు కొట్టుకుంటున్నాం.

గుణుపురం రైతుబిడ్డ:
అది చదివాను. కలిసింది కాబట్టి సరైనది అని మాత్రం అనను, మిల్లు వాడు కూడా లెక్క కలిసిందనే అంటాడు.

మాస్టారూ, 45 డిగ్రీల తనిఖీ నాకు నచ్చింది. కానీ అది పట్టుకోలేని తప్పులు రెండు మిగిలే ఉన్నాయి. గుచ్ఛంలోని గెలాక్సీలనే వెనకాలవి అనుకుని లెక్కలో కలిపేస్తే సాగుడు పలచబడి బరువు తగ్గిపోతుంది. రంగును బట్టి దూరం అంచనా వేస్తారు కాబట్టి ఇది తరచూ జరిగేదే. రెండోది, గుచ్ఛం గుండ్రటి లడ్డూ కాదు, కోలగా ఉంటుంది. దాని పొడవు మన వైపే తిరిగి ఉంటే బరువు ఎక్కువ కనిపిస్తుంది, అడ్డంగా ఉంటే తక్కువ. ఒక్కో గుచ్ఛం దగ్గర దీనివల్లే 20 శాతం దాకా తేడా రావచ్చు. అందుకని వందల గుచ్ఛాల సగటు చెబితే నమ్ముతాను. ఫలానా గుచ్ఛం బరువు ఇంత అని ఒక్కదాని గురించి చెబితే నమ్మను.

పర్లాకిమిడి మాస్టారు:
సగటు వరకు ఒప్పుకున్నావు, నాకు అది చాలు. ఒక్క గుచ్ఛం సంగతిలో నువ్వన్నదే నిజం, క్లాసులో నేను కూడా అది సరిచేసి చెప్పాలి. 2023లో వెళ్లిన యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోపుకు గాలి అడ్డు లేదు, చదరపు ఆర్క్‌మినిట్‌కు, అంటే ఆకాశంలో చాలా చిన్న ముక్కకు, 30 గెలాక్సీల ఆకారాలు కొలవాలన్నది దాని లక్ష్యం. గోల తగ్గుతుంది. కోల ఆకారం బాధ మాత్రం అప్పుడూ పోదు.

బరంపురం మగ్గం:
మీరిద్దరూ మాట్లాడుతుండగా నేనో పని చేశాను. అమ్మకుండా పక్కన పెట్టిన చీర ఒకటుంటే పరిచి, మా వాడి జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టి 64 బుటాల ఒరుగు కొలిచాను. ఒకటి ఎడమకి 6 డిగ్రీలు, ఇంకోటి కుడికి 9, ఏ రెండూ ఒకలా లేవు. అన్నీ కూడి భాగిస్తే కుడికి 2 డిగ్రీలు. పడుగు జారింది కుడి పక్కేనని నాకు ముందే తెలుసు, కానీ అంకెగా చూడడం ఇదే మొదటిసారి.

గుణుపురం రైతుబిడ్డ:
అన్నా, అంచు పక్కన ఉన్న వరుస తీసేసి, మిగతావాటితో ఒకసారి మళ్లీ లెక్కేయండి. 2 కాస్తా సున్నా అయితే అది చీర మొత్తానిది కాదు, ఆ వరుసదే.