అప్‌డేట్: టీబీ ప్రోటీన్ల మోడల్‌కి అంత స్కోరు ఎలా వచ్చిందో తెలిసింది

గుర్తులేని వాళ్ల కోసం: టీబీ బ్యాక్టీరియా ప్రోటీన్లు మనిషి ప్రోటీన్లలో వేటికి అతుక్కుంటాయో చెప్పే నెట్‌వర్క్ మోడల్ (కంప్యూటర్ ప్రోగ్రామ్) చేశాను, ఎన్ని సరిగ్గా చెప్పిందో చూపే స్కోరు అనుమానం వచ్చేంత బాగుంది, నమ్మొచ్చా అని అడిగాను.

నమ్మక్కర్లేదు. మీలో ఒకరు చెప్పినట్టు, టెస్ట్‌లో ఉన్న ప్రోటీన్ ఏదీ ట్రైనింగ్‌లో (మోడల్ నేర్చుకునే డేటాలో) లేకుండా విడదీసి మళ్లీ నడిపాను. స్కోరు ఢమాల్! బొమ్మా బొరుసా వేసినదానికంటే కాస్త నయం, అంతే. తర్వాత బ్యాక్టీరియా వివరాలన్నీ తీసేసి, ఒక్కో మనిషి ప్రోటీన్‌కి ఎన్ని లింకులు (అతుక్కుంటాయని నమోదైన జతలు) ఉన్నాయో అదొక్కటే ఇచ్చాను. దాదాపు పాత స్కోరే వచ్చింది. ఏ ప్రోటీన్ మీద ఎక్కువ పరిశోధన జరిగిందో మోడల్ బట్టీ పట్టేసిందన్నమాట. క్యాన్సర్ పరిశోధనల్లో అందరూ చూసే పీ53 అనే మనిషి ప్రోటీన్ ఎప్పుడూ మోడల్ ఇచ్చే జాబితా పైనే ఎందుకుండేదో ఇప్పుడర్థమైంది.

మోడల్‌కి నేర్పడానికి ‘అతుక్కోవు’ అని ఇచ్చిన జతల సంగతి ఇంకా తేలలేదు. టీబీ బ్యాక్టీరియాకి సుమారు 4,000 జన్యువులు, మనకి ప్రోటీన్లు చేసేవి 20,000 దాకా. అంటే 8 కోట్ల జతలు! వాటిలో ల్యాబ్‌లో ఎవరైనా చూసినవి చాలా తక్కువ. చూడని జతని ‘లేదు’ అని రాసుకోవడం నాకైతే మింగుడుపడదు.

ఇక బ్యాక్టీరియా బయటికి వదిలే ఈశాట్-6 లాంటి ప్రోటీన్లకే పరిమితమవుతాను. కణంలో మన ప్రోటీన్లకి ఎదురుపడే అవకాశం వాటికే ఎక్కువ. యశ్వంత్‌పూర్‌లో ఉండే మా సీనియర్ అన్న మోడల్ వేగంగా నడపడానికి శనివారం జీపీయూ (లెక్కలు వేగంగా చేసే కంప్యూటర్ చిప్) ఇస్తానన్నాడు.