మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఎవరిది? జిల్లాలకు మ్యాచ్‌లు రావాలా, వద్దా?

ఎన్జీ_కాలేజ్_పేసర్ (నల్లగొండ)

సంక్రాంతికి మేం నడిపే టోర్నీ ఫ్లెక్సీ మీద ఈసారి మా కమిటీల ఒక పిలగాడు "నల్లగొండ మొయినుద్దౌలా కప్" అని రాపిచ్చిండు. సగం మంది నవ్విండ్రు. మిగిలిన సగం "అది పట్నపోళ్ల కప్పు, నవాబుల కప్పు, మనకేం సంబంధం" అని లొల్లికి దిగిండ్రు. ఆ పంచాయితీ ఇక్కడ పెడుతున్న.

తెల్వనోళ్ల కోసం చెప్త. పాయెగా నవాబు మొయినుద్దౌలా పేరు మీద 1930-31ల మొదలైన ఆహ్వాన టోర్నీ ఇది. జట్లను పిలిచి ఆడిపిచ్చేది. వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ 1934-35ల ఫ్రీలూటర్స్ జట్టుకు ఆడిండు. సునీల్ గవాస్కర్ ఫస్ట్ క్లాస్ (రికార్డు లెక్కలకెక్కే పెద్ద స్థాయి) క్రికెట్ల అడుగువెట్టింది బొంబాయిల కాదు, 1966-67ల ఈ టోర్నీలనే, వజీర్ సుల్తాన్ కోల్ట్స్ తరఫున. తొంబై ఏండ్ల ఫస్ట్ క్లాస్ టోర్నీ ఇది.

నేననేది ఒక్కటే. 2014ల రాష్ట్రం వచ్చింది. ఇది తెలంగాణ వారసత్వం అంటున్నరు కద, మరి మ్యాచ్‌లు సికింద్రాబాద్ జింఖానా, ఉప్పల్ దాటి ఎందుకు రావు? ఈ కప్పు ఆడిపిచ్చినప్పుడల్ల రెండు మ్యాచ్‌లు నల్లగొండల, రెండు మహబూబ్‌నగర్ల పెట్టాలె. మీరేమంటరు?

దేవరకొండ_సీను

ముందు గ్రౌండులకెల్లి మేకలను తోలుర్రి అన్నా. గవాస్కర్ సంగతి తర్వాత.

ఆఫ్‌కటర్

"తొంబై ఏండ్ల ఫస్ట్ క్లాస్ టోర్నీ" అన్నది తప్పు. 1930-31 నుంచి 1937-38 దాకా జరిగినవి, మళ్లీ 1962-63 నుంచి 1973-74 దాకా జరిగినవి మాత్రమే ఫస్ట్ క్లాస్ లెక్కలోకి వస్తాయి. మిగతావి రావు. దయచేసి మొదటి పోస్టు సరిచేయండి.

పాత_స్కోరర్ (సికింద్రాబాద్)

పేసర్ తమ్ముడూ, నీ ఉత్సాహం మంచిదే. కానీ ఈ కప్పు ఏం పని చేసిందో తెలిస్తే దాన్ని ముక్కలు చేసి పంచుదామని అనవు.

అది మొదలైన నాటికి రంజీ ట్రోఫీ లేదు. రంజీ 1934-35లో వచ్చింది. బొంబాయిలో హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు అని మతాలవారీగా జట్లు కట్టి ఆడుకునేవారు. ఇక్కడ మతంతో పని లేదు, ఆట వస్తే ఎవరైనా ఏ జట్టుకైనా ఆడొచ్చు. విజ్జీ అని పిలిచే విజయనగరం మహరాజ్‌కుమార్ 1930-31లో జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ ఇంగ్లండ్ నుంచి రప్పించిన రోజులవి. అలాంటి ఆటగాళ్లను కళ్లారా చూసిన ఊరు కాబట్టే మనవాళ్లకు ఆట ఒంటబట్టింది. రంజీలో తొట్టతొలి సెంచరీ ఎవరిది? మన సయ్యద్ మహమ్మద్ హాదీది, మద్రాస్ మీద 132 నాటౌట్. 1937-38లో నవానగర్‌ను ఓడించి రంజీ గెలిచింది ఎవరు? హైదరాబాద్.

అరవైలలో మళ్లీ వెలిగింది. స్టేట్ బ్యాంక్, ఏసీసీ, డుంగార్‌పూర్ జట్టు, హైదరాబాద్ బ్లూస్, ఇండియన్ స్టార్‌లెట్స్... రంజీ సీజన్‌కు ముందు పెద్దవాళ్లు పదును పెట్టుకునేదీ, కుర్రాళ్లు సెలెక్టర్ల కంట్లో పడేదీ ఇక్కడే. గవాస్కర్ మొదటి మ్యాచ్ డుంగార్‌పూర్ జట్టు మీదే. బ్యాంకులో ఉద్యోగం చేసే వడేకర్ బ్యాంకు జట్టుతో వచ్చేవాడు. ఇండియాకు కెప్టెన్‌గా చేసిన పటౌడీ ఈ ఊరికొచ్చి జైసింహ కెప్టెన్సీలో రంజీ ఆడాడు. అదీ అప్పటి హైదరాబాద్ మర్యాద.

అటువంటి కప్పును మ్యాటింగ్ వికెట్ (చాప పరిచిన పిచ్) మీద పెడతావా? ఇప్పటికే ఒక ఏడు జరిగితే మరో ఏడు జరగడం లేదు. ఉన్న ఊపిరి కూడా తీయకండి.

పాలమూరోడు

సారు, పిలిచినోళ్ల లిస్టు మంచిగ చెప్పిండ్రు. పిలువనోళ్ల లిస్టు నేను చెప్త.

పాయెగా అంటె నిజాం తర్వాత అంతటి జాగీర్లున్న ఖాన్‌దాను. ఆ కప్పుల బంగారం ఆకాశంకెల్లి రాలె, రైతు కట్టిన శిస్తులకెల్లి వచ్చింది. జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టు 15న. అంతకు మూడేండ్ల ముందు, 1946 జులై 4న, కడవెండిల దొడ్డి కొమురయ్యను కాల్చి చంపిండ్రు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లానే. మన తాతలు వెట్టి చేస్తుంటె జింఖానాల టీ బ్రేక్ నడిచింది. ఆ కప్పు పేరు నల్లగొండల ఫ్లెక్సీ మీదికి ఎక్కుడేంది? నాకైతె సిగ్గనిపిస్తున్నది.

విజ్జీ ముచ్చట గూడ ఎందుకు తెచ్చిండ్రు? 1936ల ఇంగ్లండ్ పోయిన ఇండియా టీముకు ఆయన కెప్టెన్ అయింది బ్యాటింగ్ తోటి గాదు, పైసల తోటి, పలుకుబడి తోటి. ఆ టూర్ల లాలా అమర్‌నాథ్‌ను నడుమల్నే ఇంటికి తోలిండ్రు. పిలుసుడు, ఎల్లగొట్టుడు రెండూ వాళ్ల చేతులనే.

పాత_స్కోరర్ (సికింద్రాబాద్)

కొమురయ్యను చంపింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు, పాయెగా నవాబు మనుషులు కాదు. క్రికెట్ గురించి మాట్లాడుతుంటే ఉద్యమాలు తెచ్చి కలుపుతారేమిటి? నవాబు పేరు పనికిరాదంటే మహబూబ్‌నగర్ పేరు ఎవరిదండీ? ఆరో నిజాంది కాదా?

పాలమూరోడు

అందుకే నేను పాలమూరు అంట. హాండిల్ సూడుర్రి.

దేవరకొండ_సీను

😂😂 సిక్సర్

ఆఫ్‌కటర్

హాబ్స్ గురించి ఒక మాట. ఆ 1930-31 పర్యటనలో విజ్జీ జట్టుకు కొట్టిన రెండు సెంచరీలను కొందరు లెక్కిస్తారు, కొందరు లెక్కించరు. అందుకే ఆయన సెంచరీలు ఒక పుస్తకంలో 197, మరో పుస్తకంలో 199. అంటే ఆ కాలం మ్యాచ్‌ల హోదా మీదే వివాదం ఉంది. మొదటి పోస్టు ఇంకా సరిచేయలేదు.

ఎన్జీ_కాలేజ్_పేసర్ (నల్లగొండ)

హోదా గోల ఇడిసిపెట్టు అన్నా.

పాలమూరన్నా, నవాబు మీద కోపం నాకు గూడ అర్థమైతది. కని చార్మినార్ గూడ మన తాతల కష్టం తోటే లేసింది. దాన్ని వద్దంటున్నమా? మన సొమ్ముతోని వచ్చిన కప్పైతె మనకు ఇంకింత హక్కున్నట్టు.

స్కోరర్ సారు, మ్యాటింగ్ అని తీసిపారేసిండ్రు. టర్ఫ్ (మట్టి, గడ్డి పిచ్) ఎయ్యనిది ఎవరు? ఎయ్యకుండ ఉంచి, "మీకు టర్ఫ్ లేదు, మ్యాచ్ ఇయ్యం" అంటె ఎట్ల?

గద్వాల_రజిత

నేను చాన రోజుల సంది చదువుడే గని రాయలె. నా బిడ్డ లెదర్ బాల్ ఆడుతది. అందుకే రాస్తున్న.

గొంగడి త్రిష భద్రాచలం పిల్ల. బిడ్డ ఆట కోసమని నాయిన కుటుంబాన్ని తీసుకోని సికింద్రాబాద్‌కు మారిండు. 2025 అండర్-19 ప్రపంచకప్పుల స్కాట్లండ్ మీద 110 నాటౌట్ కొట్టింది. ఆడపిల్లల అండర్-19 ప్రపంచకప్పుల అదే మొదటి సెంచరీ. మేమందరం టీవీ ముంగల కూసోని సప్పట్లు కొట్టినం. తర్వాత నా బిడ్డ అడిగింది, "మనం గూడ పోవాల్నా అమ్మా?" అని. మా ఆయనది ఇక్కడ విత్తనాల దుకాణం. దుకాణం ఎత్తుకోని ఏడికి పోతం?

నవాబు కప్పు గద్వాలకు వస్తె నా బిడ్డకేం ఒరుగుతదో నాకు సమజైతలేదు. అది మొగోళ్ల టోర్నీ గూడ.

పాత_స్కోరర్ (సికింద్రాబాద్)

రజితమ్మా, త్రిష సంగతే నా మాటకు సాక్ష్యం. మంచి ఆట ఉన్నచోటికి పోవాలి. పోయింది, గెలిచింది. జైసింహ, ఆబిద్ అలీ, అజారుద్దీన్, లక్ష్మణ్, అందరూ ఈ నగరం లీగ్‌లలో నలిగి వచ్చినవాళ్లే. లక్ష్మణ్ 1999-2000 రంజీ సీజన్లో 1415 పరుగులు చేశాడంటే ఊరికే చేయలేదు.

నిజం చెప్తే కోపాలు వస్తాయి గానీ, జిల్లాల్లో ఏడాదంతా ఆడేది టెన్నిస్ బాల్. ఎనిమిది ఓవర్ల మ్యాచ్, ప్రతి బంతీ మిడ్‌వికెట్ మీదికి ఊపుడు. అలా ఆడే పిల్లలు అసలైన బౌలింగ్ ముందు నిలబడరు. వాళ్ల ముందర గోల్డ్ కప్ ఆడిస్తే అది వాళ్లకు తమాషా, కప్పుకు అవమానం.

ఎన్జీ_కాలేజ్_పేసర్ (నల్లగొండ)

తమాషానా?

సరే చెప్త ఇనుర్రి. నేను అండర్-19 సెలెక్షన్లకు పోయిన. తెల్లారుగట్ల ఫస్ట్ బస్సు పట్టుకోని, కిట్ బ్యాగ్ ఒళ్లె పెట్టుకోని పోయిన. ఎండల నిలబెట్టి పొద్దుగూకేటాళ్లకు బాల్ ఇచ్చిండ్రు. ఓవర్ గూడ నిండలె. టేబుల్ కాడ కూసున్నాయన "ఏ క్లబ్బు?" అన్నడు. నల్లగొండ అన్న. "క్లబ్బు అడిగిన, ఊరు గాదు" అన్నడు. పెన్ను కింద పెట్టిండు. నా ఎనక ఉన్న పిలగానికి క్లబ్బు ఉంది, వాడు బాల్ ఎయ్యకముందే పేరు రాసుకున్నరు.

నా బౌలింగ్ మంచిగుండెనో లేకుండెనో నాకు ఇప్పటికీ తెల్వది. ఎవలన్న సూస్తె గద తెలిసేది! మీరు "నిలబడరు" అంటున్నరు. నిలబెట్టి సూసిండ్రా ఎన్నడన్న?

పాలమూరోడు

గిదీ అసలు ముచ్చట. క్లబ్బు! హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ ఓట్లల్ల ఎక్కువ నగరం క్లబ్బులయే. 2023ల సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన జస్టిస్ నాగేశ్వరరావు కమిటీ 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టింది. ఎందుకు? కొందరి చేతులల్ల ఒక్కటికి మించి క్లబ్బులున్నయని. నవాబులు పోయిండ్రు, క్లబ్బులొచ్చినయి. అప్పుడు పిలుపు నవాబు చేతుల, ఇప్పుడు క్లబ్బు చేతుల. పేసరన్నా, పెండ్లికి పిలువనోళ్ల ఇంటి ముంగట బరాత్ తిప్పినట్టుంటది నువ్వడిగే ఆ రెండు మ్యాచ్‌లు. ఓటు అడుగు, లీగ్ అడుగు. కప్పెందుకు?

పాత_స్కోరర్ (సికింద్రాబాద్)

ఆ బల్ల దగ్గర కూర్చున్నాయన చేసింది తప్పు. దానికి నేను జవాబుదారీని కాను.

నేను పుట్టింది మిర్యాలగూడలో. ఈ మాట ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మారేడుపల్లిలో మా పెదనాన్న ఇంటి అడ్రసు రాయించుకుని లీగ్ ఆడాను. ఆయన వరండాలో పడుకుని, పొద్దున్నే వాళ్లింటి పాలు, కూరగాయలు తెచ్చిపెట్టి గ్రౌండుకు పోయేవాణ్ని. నన్నెవరూ పిలవలేదు. మొదటి సీజన్ మొత్తం డ్రింక్స్ మోశాను. నా ఆట ఎంతో నాకు అక్కడే తెలిసింది. పెద్దగా లేదని తెలిసింది. అప్పుడు స్కోర్‌బుక్ పట్టుకున్నాను. ఆ బుక్కులో గొప్పవాళ్ల పేర్లు రాసే అదృష్టం దక్కింది. ఊళ్లోనే ఉండిపోతే "నాకు అన్యాయం జరిగింది" అనుకుంటూ బతికేవాణ్ని.

ఎన్జీ_కాలేజ్_పేసర్ (నల్లగొండ)

అంటె నేను అట్ల బతుకుతున్న అంటున్నరు.

దేవరకొండ_సీను

పెద్దాయన, అది ఎక్కువైంది.

పాత_స్కోరర్ (సికింద్రాబాద్)

నిన్ను అనలేదు. నా గురించి చెప్పాను.

ఎన్జీ_కాలేజ్_పేసర్ (నల్లగొండ)

సారు, మీకు పట్నంల పెదనాయిన ఉండె. వరండా ఉండె. నాకు లేకుండె. మీరు కష్టపడలేదని అంటలేను. కని ఆ వరండా లేనోడు ఆట రానోడు అని మీరు లెక్క కట్టుకున్నరు. మనిద్దరి పంచాయితీ గిదే. మొయినుద్దౌలా గాదు, గవాస్కర్ గాదు. ఆట తెలుసుకోవాలంటె ఊరు ఇడువాలె అంటరు మీరు. ఊర్లె ఉండంగనే తెల్వాలె అంట నేను.

పాలమూరన్న లీగ్ అడుగుమంటున్నడు. అడుగుతున్నం, ఎవలు ఇంటున్నరు? పెద్ద మ్యాచ్ ఒకటి వస్తె దాని పేరు మీద పిచ్ వస్తది, డ్రెస్సింగ్ రూమ్ వస్తది. మ్యాచ్ అయిపోయినంక పిచ్‌ను ఎత్తుకపోరు గద. అందుకు కావాలె నాకు ఆ కప్పు.

పాత_స్కోరర్ (సికింద్రాబాద్)

ఇది మొదటి పోస్టులో రాసుంటే ఇంత దూరం రాకపోను. వారసత్వం అన్నావు కాబట్టి వారసత్వం గురించి మాట్లాడాను.

అయినా నా మాట మారదు. పిచ్ ముందు, మ్యాచ్ తర్వాత. టర్ఫ్ వేయడం ఒక్కరోజు పని కాదు. మట్టి తేవాలి, పొరలు పొరలుగా పరచి తొక్కించాలి, గడ్డి పట్టాలి, రోజూ నీళ్లు పెట్టాలి, రోలర్ తిప్పాలి. ఎండాకాలంలో బోర్లు ఎండిపోయే చోట ఎవరు తడుపుతారు? మ్యాచ్ కోసం హడావిడిగా వేసిన పిచ్ మర్నాటికి పగుళ్లిస్తుంది. దాని మీద లేచిన బంతి ఒక పిల్లవాడి మొహానికి తగిలితే మళ్లీ ముప్పై ఏళ్లు జిల్లాకు మ్యాచ్ ఇవ్వరు.

పాలమూరోడు

దేశమంత తిరిగి డ్యాములు కట్టింది పాలమూరు లేబర్. ఇరవై రెండు గజాల పిచ్‌కు నీళ్లు పట్టలేమా సారు?

ఆఫ్‌కటర్

పిచ్ పొడవు 22 గజాలు, సరే. కానీ టర్ఫ్ స్క్వేర్ అంటే ఒక్క పిచ్ కాదు, పక్కపక్కన చాలా పిచ్‌లు ఉంటాయి.

గద్వాల_రజిత

మ్యాచ్ సంగతి మీరు తేల్చుకోండ్రి. స్కోరర్ సారు, మీరు చెప్పిన ఆ మట్టి, పొరల పని ఒక్క నెట్ పిచ్‌కు చెయ్యాలంటె ఎంత ఖర్చైతది? మా బడి ఎనక జాగ ఉంది, బోరుంది. హెడ్‌మాస్టర్ సరే అన్నడు. క్యూరేటర్ పని తెలిసినోళ్లు ఎవలన్న ఉంటె ఒక్కసారి వచ్చి జాగ సూసి పోవాలె. బస్సు చార్జీలు, భోజనం మాయి.