సంఘంలో లీడర్ని చేతులెత్తకుండా ఎన్నుకునే దారి ఉందా?

ప్రశ్న (దేవరకొండ వైపు నుంచి)

మా పొదుపు సంఘంలో పన్నెండు మందిమి. పోయిన మీటింగ్‌లో లీడర్ కోసం చేతులెత్తమన్నారు. పాత లీడర్ ఒకవైపు, మా యారాలు ఇంకోవైపు. మాలో ఆరుగురం పత్తి ఏరడానికి పోయేది పాత లీడర్ చేనుకే. ఆమె చాప మీద ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తోంది. ముందు ఆమె పేరే పిలిచారు. ఆమెది కలిపి ఎనిమిది చేతులు లేచాయి. తర్వాత యారాలి పేరు. నా చెయ్యి భుజం దాకా లేచింది. ఆమె చూపు పడగానే కొప్పు సర్దుకున్నట్టు దించేశాను. యారాలికి మూడే వచ్చాయి. అప్పట్నుంచి నాతో మాట్లాడట్లేదు, అందులో ఆమె తప్పేం లేదు.

వచ్చే నెల రెండో లీడర్ని ఎన్నుకోవాలి. ఇప్పట్నుంచే టెన్షన్. చీటీలు వేద్దామంటే ముగ్గురికి రాయడం రాదు. ఇంకొకరితో రాయించుకుంటే ఇక గుట్టేముంది?

నకిరేకల్ నుంచి, వీవోఏ (పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య సహాయకురాలు)

కళ్లు మూసుకుని చేతులెత్తమని ఒకసారి చూశాం అక్కా. గాజుల చప్పుడుకే ఎవరు ఎత్తారో తెలిసిపోయింది! తర్వాత గింజలు పెట్టాం. ఒకామెకు చింతగింజ, ఇంకొకామెకు మక్కగింజ. అందరికీ రెండూ ఇచ్చి, తలుపు చాటున రెండు చెంబులు పెట్టండి. కావాల్సింది ఒకదాంట్లో, వద్దన్నది రెండోదాంట్లో. పిడికిలి మూసుకునే పోవాలి, ఉత్త చేతులతో రావాలి. చెంబు అడుగున గుడ్డ వేయండి, లేకపోతే చింతగింజ టంగుమంటుంది. తీర్మానంలో ఫలానా ఆమెను ఎన్నుకున్నామని రాసి అందరం సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. ఎవరు ఎవరికి వేశారో రాయలేదు.

నాగర్‌కర్నూల్ నుంచి, మాజీ వార్డు మెంబర్

ఇంత దాపరికం ఎందుకమ్మా? ఉపసర్పంచ్‌ని వార్డు మెంబర్లం చేతులెత్తే ఎన్నుకుంటాం, రూలే అది. రాజ్యసభ ఎన్నికల్లో 2003 నుంచి ఎమ్మెల్యేలు కూడా ఓటును పార్టీ ఏజెంటుకు చూపించే వేయాలి. రాత్రి ఒకరింట్లో తిని పొద్దున ఇంకొకరికి వేసేవాళ్లు దొరికేది అట్లనే.

దేవరకొండ వైపు నుంచి

అన్నా, మిమ్మల్ని జనం గెలిపించి పంపారు, ఎవరికి చెయ్యెత్తారో జనానికి తెలియాలి. నన్నెవరూ గెలిపించలేదు, నా ఓటు నాదే. సర్పంచ్ ఎన్నికలో మీరు కూడా అట్ట చాటుకు పోయే కదా గుద్దేది? ఆరుగురి కూలి ఒకామె చేతిలో ఉన్నప్పుడు ఆమె ముందు లేచే చెయ్యి మాది కాదు.

వీవోఏ చెల్లె, గింజలే పెడతాం. చింతగింజలు మా ఇంట్లో ఉన్నాయి. మక్కలు మాత్రం యారాలింట్లోనే ఉన్నాయి. పది రోజులైంది ఆ గడప తొక్కి. రేపు చాట పట్టుకుని పోతా.