అద్దె బిల్డింగ్ మీద సోలార్: పెట్టుబడి తిరిగొస్తుందా?

హన్మకొండ సూపర్‌మార్కెట్:
ఫ్రీజర్లు, ఏసీలు కలిపి నెలకు 2000 యూనిట్లు దాటుతున్నాయి. 10 కిలోవాట్లకు ఐదున్నర లక్షలు చెప్పారు, నాలుగేళ్లలో వచ్చేస్తాయంటున్నారు. బిల్డింగ్ మాది కాదు. పెట్టమంటారా?

కరీంనగర్ గ్రానైట్:
పెట్టెయ్ అన్నా. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకో, నెలకు 1200. కమర్షియల్‌లో 500 దాటాక యూనిట్ పది రూపాయల పైనే. సోలార్ కోసేది ఆ పై శ్లాబునే కాబట్టి నెలకు పన్నెండు వేలు మిగులుతుంది. వాళ్లు చెప్పిన నాలుగేళ్లు అబద్ధం కాదు. పైగా ఇన్‌కంటాక్స్‌లో 40 శాతం తరుగుదల ఉంది, అంటే సోలార్‌కి మిగిలిన విలువలో అంత భాగం ఏటా ఖర్చుగా చూపించుకోవచ్చు. మా దగ్గర దుమ్ము ఎక్కువ, ప్యానెళ్లు తరచూ కడిగించాల్సిందే. అయినా గిట్టుబాటే.

ఖమ్మం అకౌంట్స్:
ఆ 40 శాతం అందరికీ రాదండీ. టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించి రిటర్న్ వేసే చిన్న వ్యాపారులు తరుగుదల విడిగా తీసుకోలేరు. పుస్తకాలు రాసేవాళ్లకైనా, ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే సగమే. సోలార్‌కి కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, షాపులకు లేదు. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ కట్టాలి. అప్పు తెచ్చి పెడితే వడ్డీతో ఆ నాలుగేళ్లు ఐదు దాకా పోవచ్చు. అసలు మీ లీజు ఇంకా ఎన్నేళ్లుంది?

హన్మకొండ సూపర్‌మార్కెట్:
మూడేళ్లు. ఓనర్ పైన ఇంకో అంతస్తు వేస్తానంటున్నారు.

ఖమ్మం అకౌంట్స్:
అయితే వద్దు. అంతస్తు వేసేటప్పుడు ప్యానెళ్లు విప్పాలి, మళ్లీ బిగించాలి, ఆ కూలీ మీదే. ఈలోగా మెట్ల గది నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం కరెంటు తగ్గిపోవచ్చు. కొటేషన్లలో ఇవేవీ రాయరు, నాకు బాధ కలిగించేది అదే.

కరీంనగర్ గ్రానైట్:
లీజు సంగతి ఒప్పుకుంటా. కానీ ఊరికే వదిలెయ్యొద్దన్నా. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి, బిల్డింగ్ ఓనర్‌ది. ఆయన్నే పెట్టుబడి పెట్టమను, మిగిలే బిల్లులోంచి నువ్వు అద్దె పెంచి ఇవ్వు. ఆ అంతస్తు స్లాబు పడ్డాకే బిగించమను.

ఖమ్మం అకౌంట్స్:
అలాగైతే సరే. కాకపోతే పెంచే అద్దె నెలకు ఇంత అని ఖాయం చేయకండి, ఆ నెల మీటర్లో వచ్చిన సోలార్ యూనిట్ల లెక్కన రాయించుకోండి. వానాకాలంలో ఆ 1200 రావు.