సికింద్రాబాద్‌లో మేం ముగ్గురం కలిసి కూర్చోగలిగే చర్చి చెప్పండి

ఒంగోలు అమ్మాయి:
అందరికీ వందనాలు. పెళ్లయి తార్నాక వచ్చి ఆరు నెలలైంది. మాది ఒంగోలు వైపు, బాప్టిస్టులం. మా ఆయన తమిళులు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). అమ్మ మాతోనే ఉంటుంది, తనకి తెలుగు తప్ప రాదు, మా ఆయనకేమో తెలుగులో ప్రసంగం అందదు. పోయిన నెల దగ్గర్లో ఒక చర్చికి వెళ్లాం. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన వచ్చి పేరడిగారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఊళ్లో మీ ఇళ్లు ఏ వైపు అని. ఎందుకడిగారో నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. ఆ తర్వాత రెండు ఆదివారాలు మోకాళ్ల నొప్పులని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ప్రశ్నలు లేని చోటు కావాలి.

మోండా మార్కెట్ వాసి:
మేము ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలికులం. సెయింట్ మేరీస్‌కి ఒకసారి రండి. 1850 నాటి గుడి, 2008లో బసిలికా అయింది. ఇంగ్లిష్, తెలుగు, తమిళంలో వేరువేరు వేళల్లో పూజలు ఉంటాయి, కంటోన్మెంట్ రోజుల్లో మద్రాసు పటాలాలతో వచ్చిన తమిళ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. లోపలికి ఎవరైనా రావచ్చు. కానీ పూజలో ఇచ్చే అప్పం, అదే దివ్యసత్ప్రసాదం, కథోలికులకే ఇస్తారు, అమ్మగారు తెలియక వరుసలో నిలబడి బాధపడకూడదని ముందే చెప్తున్నా.

సండే స్కూల్ టీచర్:
వేళలు వేరైతే మీ ఆయన ఒక పూట, అమ్మ ఒక పూట వెళ్లాలి, ఇక ముగ్గురూ కలిసి కూర్చునేదెప్పుడు? మాది సీఎస్‌ఐ. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి ఒక సంఘమయ్యారు. బాప్టిస్టులు అందులో లేరు గానీ, మీ సంఘంలో ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడంలో, పాలుపొందేవాళ్లయితే మా బల్ల దగ్గరికి రావచ్చు. నెలలో మొదటి ఆదివారం మాకు అందరికీ కలిపి ఒకటే సంస్కార ఆరాధన, అంటే ఆ బల్ల ఉండే ఆరాధన. వాక్యానికి తర్జుమా ఉంటుంది, పాట మాత్రం ఒకే రాగంలో ఎవరి భాషలో వాళ్లు పాడతారు, మొదటి చరణం గోలగా ఉంటుంది, మూడో చరణానికి నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. ఇంటిపేరు అడిగేవాళ్లు మా దగ్గరా ఉన్నారు, అబద్ధం చెప్పను. అందుకే పాస్టరమ్మగారు గుమ్మం దగ్గర యవ్వనస్తుల్ని పెట్టారు, వాళ్లు టీ తాగి వెళ్లండి అంటారు, అంతే.

గుంటూరు లూథరన్:
భాష కన్నా పెద్దది కులం గొడవే. ఊళ్లో పల్లెకో చర్చి కట్టుకున్నాం, పట్నం వచ్చినా దాన్ని వదల్లేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు, ఊరు అంటరానివాళ్లన్న మనుషులు. ఆ ఒంగోలు సంఘం నుంచి వచ్చిన తల్లి, చర్చిలోనే కులం అడిగారని ఇంట్లో కూర్చోవాల్సి రావడం నాకు మండుతోంది. ఆ పెద్దాయన సంగతి అక్కడి పాస్టర్‌గారికి చెప్పండమ్మా, మీ తర్వాత వచ్చేవాళ్ల కోసమైనా.

ఒంగోలు అమ్మాయి:
చెప్తానండి. టీచర్‌గారూ, అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. అక్కడ మెట్లెక్కువా అని అడిగింది.

సండే స్కూల్ టీచర్:
మూడే మెట్లు, పక్కన ర్యాంపు కూడా ఉంది. చర్చి పేరు మీకు మెసేజ్ చేశాను. అమ్మగారిని తన కీర్తనల పుస్తకం తెచ్చుకోమనండి, మా దగ్గరివి చిన్న అక్షరాలు.