గ్లైడింగ్ క్లబ్బులో ఒక రోజు: పది నిమిషాల కోసం పుణే దాకా వెళ్లాలా?

హనుమకొండ చౌరస్తా:

మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు పట్టుకున్న గ్లైడర్ మోజును ఇంటర్ పరీక్షలు అయిపోగానే మళ్లీ బయటికి తీసింది. నిజాం కాలం నాటి మామునూరు మైదానం మాకు కూతవేటు దూరంలోనే ఉన్నా, మనలాంటివారు వెళ్లి ఎగిరే క్లబ్బు అక్కడ లేదు కనుక, పుణేలోని హడప్సర్‌లో కేంద్ర పౌర విమానయాన సంస్థ డీజీసీఏ నడిపే గ్లైడింగ్ సెంటర్‌కు వెళ్దామని పోరుతోంది. అలాంటి చోట ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం జరుగుతుందో తెలిసినవారు చెప్పగలరా? రోజంతా కూర్చుంటే గాలిలో ఉండేది పది నిమిషాలేనన్న మాట నిజమేనా? ఇంజనే లేని విమానాన్ని పైకి లాగే తాడు మధ్యలో తెగితే ఏమిటి పరిస్థితి? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరికేదాకా టికెట్లు తీయనివ్వనని వాళ్లమ్మ తేల్చి చెప్పింది.

కాజీపేట జంక్షన్:

నేను జర్మనీలో చదువుకున్న రోజుల్లో రెండేళ్లపాటు ప్రతి శనివారం ఒక క్లబ్బుకు వెళ్లాను. హడప్సర్ పద్ధతుల్లో తేడాలుండవచ్చు గానీ, పని తీరు ఎక్కడైనా దాదాపు ఒకటే. మీరు "కూర్చుంటే" అన్నారు. నా అనుభవంలో ఆ రోజున కూర్చోవడమే ఉండదు. పొద్దున్నే హ్యాంగర్ తలుపులు తీసి, ఒకదాని రెక్క కింద ఇంకొకటి ఇరికించి పెట్టిన గ్లైడర్లను ఎక్కడా గీత పడకుండా బయటికి తోయాలి. ఆ తరువాత ప్రతి కీలునూ, పిన్నునూ చేత్తో కదిపి చూసి, తనిఖీ పుస్తకంలో సంతకం చేయాలి.

మైదానం అవతలి కొసన, సుమారు కిలోమీటరు దూరంలో, వించ్ ఉంటుంది. బలమైన ఇంజనుతో పెద్ద డ్రమ్ముకు కేబుల్ చుట్టే యంత్రం అది. ఆ కేబుల్ కొసను బండితో ఇవతలికి లాక్కొచ్చి గ్లైడర్ పొట్ట కింది కొక్కేనికి తగిలిస్తారు. ఒకరు రెక్క కొసను పట్టుకుని సమంగా నిలబెడతారు, ఒకరు వించ్ దగ్గరి మనిషికి సైగ చేస్తారు, ఇంకొకరు సమయం రాసుకుంటారు. సైగ అందాక కేబుల్ బిగుసుకుని, నాలుగైదు సెకన్లలోనే గ్లైడర్ నేల వదులుతుంది. ఆపైన ముక్కు ఆకాశంలోకి నిలువునా పోతున్నట్టే అనిపిస్తుంది. అర నిమిషానికి కాస్త పైన మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తు వస్తుంది. అక్కడ పసుపు గుండీ లాగితే కేబుల్ ఊడిపోతుంది, చప్పుడంతా ఆగి గాలి ఈల ఒక్కటే మిగులుతుంది.

ఇక మీ లెక్కకు వద్దాం. నాలుగు వందల మీటర్ల ఎత్తున వదిలారనుకోండి. మలుపులతో కలిపి సెకనుకు ఇంచుమించు మీటరు చొప్పున దిగితే ఏడు నిమిషాల లోపే నేల మీద ఉంటారు. రోజుకు రెండు మూడు సార్లు వంతు వస్తుంది. మిగిలిన వేళంతా ఇతరుల రెక్క కొసలు పట్టుకోవడానికే. చూసి పోదామని వచ్చినవారికి ఆ రోజు చాలా పొడుగ్గా ఉంటుంది.

మానేరు తీరం:

పై మాటలన్నీ ఒప్పుకుంటాను, ఆ ఏడు నిమిషాల లెక్కను తప్ప. అది ఉదయపు లెక్క. పదకొండు దాటి నేల కాగిన తరువాత థర్మల్ దొరికితే, అదే గ్లైడర్ గంటల తరబడి దిగకుండా ఉండగలదు. వేడెక్కిన నేల మీది గాలి తేలికై లేస్తుంది, అందులోనే చుట్లు కొడుతూ పైకి పోవాలి. మన వైపు మనుషులకు ఇది కొత్త సంగతి కాదు. ఎండాకాలం మధ్యాహ్నం హనుమకొండ గుట్టల మీద గద్దలు రెక్క ఆడించకుండా తిరగడం అందరమూ చూసినదే. ఎండిన చెలకలూ బండరాళ్ల గుట్టలూ అలాంటి గాలిని లేపుతాయి; చెరువుల మీదా, నీళ్లు నిండిన యాసంగి వరి మడుల మీదా సాధారణంగా అది లేవదు.

శిక్షణకు ఎక్కువగా వాడే రెండు సీట్ల ఏఎస్‌కే 21 గ్లైడర్ ఒక మీటరు దిగే లోపల 34 మీటర్లు ముందుకు పోతుంది. కాబట్టి గాలి నిశ్చలంగా ఉంటే, హనుమకొండ మీద వెయ్యి మీటర్ల ఎత్తున వదిలినా పరకాల దాటవచ్చు. మీ అమ్మాయిని పైలట్ ఎదుటి అద్దం మీద అతికించిన చిన్న ఉన్ని పోగును గమనించమనండి. అది పక్కకు వాలితే గ్లైడర్ ఏటవాలుగా జారుతున్నట్టు; అంత ఖరీదైన యంత్రంలో ఆ పని చేసేది జానెడు దారమే! వానాకాలంలో మాత్రం పుణే దాకా వెళ్లకండి.

హనుమకొండ చౌరస్తా:

ఇద్దరికీ ధన్యవాదాలు. తాడు సంగతి మాత్రం ఇంకా మిగిలే ఉంది.

కాజీపేట జంక్షన్:

మన్నించండి, అసలు ప్రశ్నే వదిలేశాను. కేబుల్‌కూ గ్లైడర్‌కూ నడుమ వీక్ లింక్ అని ఒక లోహపు ముక్క ఉంటుంది. లాగుడు హద్దు మీరితే రెక్కల మీద భారం పడకుండా ముందు అదే తెగాలని దాన్ని కావాలనే బలహీనంగా చేస్తారు. అంటే తెగడం కూడా ఏర్పాటులో భాగమే. ఒంటరిగా పంపే ముందు ఇన్‌స్ట్రక్టర్ చెప్పకుండా తానే కేబుల్ వదిలేసి విద్యార్థిని పరీక్షిస్తాడు కూడా.

నాకు నిజంగా ఒకసారి వంద మీటర్ల దగ్గర తెగింది. టప్పుమని చప్పుడైంది, వీపును తోస్తున్న చెయ్యి తీసేసినట్టయింది. వెంటనే స్టిక్ ముందుకు నొక్కి ముక్కు దించాను, మిగిలిన ముక్క వేలాడకుండా పసుపు గుండీ లాగాను, వేగం గంటకు 90 కిలోమీటర్లకు చేరేదాకా గ్లైడర్‌ను త్వరగా దించేందుకు రెక్కల మీద లేచే ఎయిర్ బ్రేకుల జోలికి పోలేదు. ఎదుట ఇంకా మైదానం ఉంది కనుక నేరుగా దిగాను. ఇంకా ఎత్తులో ఉంటే చిన్న చుట్టు తిరిగి దిగేవాడిని. కేబుల్ అతికేందుకు గంట పట్టింది. ఆ గంటసేపు వరుసలో నిలబడ్డవారు నన్ను చూసిన చూపులే ఎక్కువ భయపెట్టాయి.

హనుమకొండ చౌరస్తా:

వాళ్లమ్మకు చదివి వినిపించాను. "కావాలనే బలహీనంగా చేస్తారు" అన్న చోట ఆపి, రెండుసార్లు చదివించుకుంది. కాజీపేట నుంచి పుణేకు నేరుగా ఉన్న రైలుకు మూడు బెర్తులు చూస్తున్నాను, ఎందుకంటే తానూ వస్తుందట.

మానేరు తీరం:

అయితే ముగ్గురికీ టోపీలు, నీళ్ల సీసాలు పెట్టుకోండి. రన్‌వే పక్కన చెట్టు నీడ ఉండదు. ఆమెకు రెక్క కొస పట్టుకునే పని అప్పగించండి.