గీతల ఫిల్ము కింద కోడిపుంజు సరిగా పరిగెత్తడం లేదు, తప్పెక్కడ?

కాగితంపడవ:
నాలుగైదేళ్ల పిల్లల బొమ్మల పుస్తకంలో ఒక పేజీకి కదిలే కిటికీ పెట్టాలి. పారదర్శకమైన షీటు మీద నల్లచారలు, దాని కింద ఫ్రేములన్నీ సన్నటి ముక్కలుగా కలిపేసిన బొమ్మ, జరిపితే పుంజు పరిగెత్తాలి. కొలతలివి: కిటికీ 12 × 8 సెం.మీ., 6 ఫ్రేములు, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), నిలువు గీతలు, సందు 12 పిక్సెళ్లు, నల్లచార 60 పిక్సెళ్లు. ఫిల్ముని జెరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టరుకి వాడే పారదర్శక ప్లాస్టిక్) మీద లేజర్ ప్రింటు తీయించి, 1 మి.మీ. మందం ఉన్న అట్ట కిటికీకి పైనుంచి అంటించాను. బొమ్మ కాగితం అట్ట వెనకాల పక్కకి జరుగుతుంది.

వచ్చిన చిక్కులు నాలుగు. తోక మొదటి ఫ్రేములో ఉంటే కాళ్లు నాలుగో ఫ్రేములో ఉంటున్నాయి, ముక్కు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మొదటి ఫ్రేమే. కాళ్లు మధ్యమధ్యలో పూర్తిగా మాయమవుతున్నాయి. పుస్తకం కాస్త వంచి చూస్తే రెండు బొమ్మలు కలిసిపోతున్నాయి. అన్నిటికీ మించి కిటికీ అంతా చీకటి. సందు ఇంకా సన్నగా చేస్తే బాగుపడుతుందా?

చారలలెక్క:
సందు జోలికి వెళ్లకండి, అది సరిగ్గానే ఉంది. 600 డీపీఐలో 12 పిక్సెళ్లంటే 0.508 మి.మీ. అంతకంటే సన్నం చేస్తే ఇప్పుడున్న ప్రతి తప్పూ పెద్దదవుతుంది.

మొదటి చిక్కు కొలతది. మీ సందు, చార కలిపి ఒక జత 72 పిక్సెళ్లు, అంటే 3.048 మి.మీ. కిటికీ వెడల్పులో ఇలాంటి జతలు దాదాపు 40 పడతాయి. ఫిల్ము అసలు సైజులో, బొమ్మ మాత్రం ‘ఫిట్ టు పేజ్’తో (కాగితానికి పట్టేలా కుదించడంతో) 97 శాతంలో ప్రింటయి ఉంటే, ఈ చివరి నుంచి ఆ చివరికి 3.6 మి.మీ. తేడా వస్తుంది. అది ఒక జత కంటే ఎక్కువ. అందుకే దారిలో ఫ్రేములన్నీ ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటిది వస్తోంది. రెండు ఫైళ్లలోనూ ఒక మూల సరిగ్గా 100 మి.మీ. గీత పెట్టి, ప్రింటయ్యాక రెండు గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. చివరల మధ్య పావు మిల్లీమీటరు తేడా వరకు ఫర్వాలేదు, దాటితే పనికిరాదు. రెండూ ఒకే ప్రింటర్‌లో, షీటు మీద ఒకే దిశలో ఉండాలి. కాగితం లోపలికి వెళ్లే దిశలోనూ అడ్డదిశలోనూ లేజర్ ప్రింటర్ కొలత కొద్దిగా తేడాగా ఉండొచ్చు. ఫైలు నుంచే ప్రింటు తీయించండి, ప్రింటుని మళ్లీ జెరాక్స్ తీయించొద్దు.

కాళ్ల సంగతి వేరు, అది గీసే దగ్గర జరిగిన తప్పు. ఒక ఫ్రేములో ప్రతి 3 మి.మీ.కి అర మి.మీ. మాత్రమే మిగులుతుంది. మిగతాది కోతలో పోతుంది. కోడికాలు ఒకటిన్నర మి.మీ. మందంలో నిలువుగా గీస్తే అది రెండు సందుల మధ్య మొత్తంగా ఇరుక్కుపోతుంది. చారలకు సమాంతరంగా ఉన్న ఏ భాగమైనా ఒక జత కంటే మందంగా ఉండాలి. చారలకు అడ్డంగా ఉన్నది ఎంత సన్నగా ఉన్నా బతుకుతుంది, కాస్త తునకలుగా కనిపిస్తుందంతే. రెక్కలు చాచిన పక్షికి నిలువు గీతలు, కాళ్ల మీద నడిచే జంతువుకి అడ్డగీతలు పెట్టడం మంచిది. మీ పుంజుకి అడ్డగీతలు కావాలి.

చీకటికి కారణం ఫ్రేముల సంఖ్య. 6 ఫ్రేములంటే కంటికి చేరేది ఆరో వంతు బొమ్మ. 4 ఫ్రేములు చేస్తే నాలుగో వంతు. రెండు కాళ్ల నడకకి 4 చాలు. జత కూడా 48 పిక్సెళ్లకి, అంటే 2.03 మి.మీ.కి తగ్గుతుంది, కాబట్టి సన్నటి భాగాలు బతికే అవకాశం పెరుగుతుంది. అయినా కాళ్లు 3 మి.మీ. గీయండి, చూపుకి కూడా బాగుంటాయి.

జింప్‌లో (బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్) చేసే పద్ధతి: 1 × 48 పిక్సెళ్ల బొమ్మ తెరిచి పైనున్న 12 తెల్లగా, మిగతా 36 నల్లగా నింపి మొత్తం కాపీ చేయండి. అది క్లిప్‌బోర్డు ప్యాటర్న్‌గా, అంటే నింపడానికి వాడే నమూనాగా వస్తుంది. కాన్వాస్ ఎత్తు 48కి గుణిజం కావాలి. 1920 పిక్సెళ్లు పెడితే సరిగ్గా 40 జతలు, 81.28 మి.మీ. నాలుగు ఫ్రేములు నాలుగు లేయర్లు (పొరలు), అన్నిటికీ తెల్ల నేపథ్యం. ప్రతి లేయర్‌కీ మాస్క్ (తెల్లగా ఉన్నచోట చూపించి, నల్లగా ఉన్నచోట దాచే తెర) వేసి ఆ ప్యాటర్న్‌తో నింపి, రెండో మాస్క్‌ని 12, మూడోదాన్ని 24, నాలుగోదాన్ని 36 పిక్సెళ్లు కిందికి ఆఫ్‌సెట్ చేయండి, అంచు దాటింది పైనుంచి తిరిగి వచ్చేలా. మొదటి మాస్కే మీ ఫిల్ము. ఎక్కడా అంచులు మెత్తబరచకూడదు. చివర డిదరింగ్ (బూడిద రంగుని చుక్కలుగా మార్చడం) లేకుండా 1 బిట్ నలుపు-తెలుపుగా మార్చి టిఫ్‌గా దాచండి. జేపెగ్ వద్దు, గీతల అంచులు చెదిరిపోతాయి. బూడిద రంగు వాడితే ప్రింటర్ దాన్ని చుక్కలుగా మారుస్తుంది, ఆ చుక్కలు చారలతో గొడవపడి ఇంకో అలల నమూనా పుడుతుంది.

తెరచాటు:
వంచితే రెండు బొమ్మలు కలవడానికి ఆ 1 మి.మీ. అట్టే కారణం. ఫిల్ముకీ బొమ్మకీ మధ్య అంత ఖాళీ ఉంటే, 30 డిగ్రీలు పక్కనుంచి చూసేవాళ్లకి చార 0.58 మి.మీ. జరిగినట్టు కనిపిస్తుంది, అంటే ఒక సందు కంటే ఎక్కువ. ఫిల్ముని అట్ట వెనకవైపు అంటించి బొమ్మకి తాకేలా పెట్టండి. ఓహెచ్‌పీ షీటు మందం 0.1 మి.మీ. మాత్రమే, దానివల్ల నష్టం లేదు. తెల్ల జిగురు ప్లాస్టిక్ మీద నిలవదు, రెండువైపులా అంటుకునే టేపు వాడండి.

ఒక మాట: చాలామంది ఈ కదలిక కంటిలో బొమ్మ కాసేపు నిలిచిపోవడం వల్ల అంటారు. వరుసగా కనిపించే నిలకడ బొమ్మల్ని మెదడు కదలికగా జోడించుకోవడం ఇందులో అసలు విషయం. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో దీని మీదే రాశాడు. పుస్తకం వెనక పిల్లలకి వివరణ రాసేటట్టయితే ఈ తేడా చూసుకోండి.

కాగితంపడవ:
4 ఫ్రేములు, అడ్డగీతలు చేశాను. కొలత కలిసింది, కాళ్లు నిలిచాయి, వెలుతురూ వచ్చింది. కొత్త చిక్కు: బొమ్మ కాగితాన్ని కిందికి లాగితే పుంజు వెనక్కి నడుస్తూ, మొత్తంగా కిందికి జారిపోతోంది. కాళ్ల కింద గీసిన నేల గీత కూడా మిణుకు మిణుకుమంటోంది.

చారలలెక్క:
బొమ్మ కాగితం జరిగితే బొమ్మ జరగక ఏం చేస్తుంది! నిలువు గీతలున్నప్పుడు పుంజు పక్కకే వెళ్లింది కాబట్టి అది పరుగులో కలిసిపోయింది. 1921లో పారిస్‌లో వచ్చిన ఓంబ్రో-సినెమా బొమ్మలో చారల తెర స్థిరంగా ఉండి వెనకాల కాగితం చుట్ట కదిలేది. బొమ్మలు ఊరేగింపులా సాగిపోతాయి కాబట్టి అక్కడ అదే అందం. మీకు పుంజు ఉన్నచోటే పరిగెత్తాలి, కాబట్టి బొమ్మని పేజీకి అంటించేసి ఫిల్ముని లాగండి. ఫిల్ము 12 పిక్సెళ్లు కిందికి వస్తే రెండో ఫ్రేము కనిపిస్తుంది, నడక వరుస దానంతట అదే సరిపోతుంది. కాగితాన్ని కిందికి లాగితే ఇది తలకిందులవుతుంది, మీ పుంజు వెనకడుగు వేసింది అందుకే.

ఫిల్ము ఎత్తు కిటికీ 81కి, లాగే దూరం 30 కలిపి, కనీసం 112 మి.మీ. ఉండాలి. రెండు పక్కలా కార్డుతో 6 మి.మీ. పట్టీలు దారులుగా అంటించండి. ఇక్కడ తొందరపడొద్దు: ఫిల్ము 1 డిగ్రీ ఒరిగిందంటే 120 మి.మీ. వెడల్పులో 2.1 మి.మీ. తేడా, అంటే పూర్తిగా ఒక జత, మీ మొదటి చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. పట్టీల మధ్య వదులు పావు మి.మీ. మించకుండా చూడండి. ఫిల్ము ఎంత పొడుగుంటే అంత తక్కువ ఒరుగుతుంది.

నేల గీత నాలుగు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉన్నా, సందు దాని మీదికి వచ్చినప్పుడే కనిపిస్తుంది. అడ్డగీతలతో అడ్డంగా ఉన్న సన్నగీత పెట్టకూడదు. దాన్ని కిటికీ బయటికి, పేజీ మీదికి తీసేయండి. పుంజు ముక్కునీ ఓసారి చూసుకోండి, అది కూడా అడ్డమే.

వేగం గురించి: సెకనుకి 1 సెం.మీ. లాగితే దాదాపు 20 ఫ్రేములు వస్తాయి, కంటికి బాగుంటుంది. పిల్లలు సర్రున లాగేస్తారు, అంతా బూడిద రంగై కూర్చుంటుంది. లాగే నాలుక చిన్నగా, వేలి కొనతో పట్టుకునేంతే పెట్టండి. కిటికీ వెనక కార్డు కాస్త ఒత్తి పట్టేలా ఉంటే చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది.

ప్రెస్సుబాబాయ్:
అచ్చుకి వెళ్లేముందు రెండు మాటలు. ఆఫ్‌సెట్ ముద్రణలో నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు, 0.1 మి.మీ. అటూ ఇటూ మామూలే. పుంజుని నాలుగు రంగుల్లో వేస్తే ఒక్కో రంగూ పక్క ఫ్రేములోకి తొంగిచూస్తుంది. కదిలే బొమ్మ నల్ల ప్లేటులో మాత్రమే ఉంచండి. రంగు కావాలంటే కిటికీ మొత్తానికీ ఒకే లేత పసుపు వేసి, నలుపు దాని మీద ఓవర్‌ప్రింట్ అయ్యేలా (కింద పసుపుని కత్తిరించకుండా పైనే పడేలా) చెప్పండి.

లేజర్ టోనరు నమూనాకి సరిపోతుంది. పుస్తకంలో రోజూ లాగే ఫిల్ము మీద అది గీరుకుపోయి, నలుపులో సన్నటి వెలుగు గీతలు పడతాయి. స్క్రీన్ ప్రింటింగ్‌కి పాజిటివ్ తీసేచోట అదే ఫైలు ఇచ్చి పాజిటివ్ ఫిల్ము (నలుపు నలుపుగానే, మిగతాది పారదర్శకంగా ఉండే ఫిల్ము) తీయించండి, నలుపు చిక్కగా వస్తుంది. జెరాక్స్ షాపులో లేజర్‌కి సరిపడే షీటేనా అని అడగండి. బైండింగ్‌కి వాడే ప్లాస్టిక్ షీటు పెడితే వేడికి కరిగి మెషిన్‌లో అతుక్కుపోతుంది.

తెరచాటు:
చారల కిటికీ పేజీ మొత్తానికి సాగదీయకండి. గాఢమైన నలుపు తెలుపు చారలు కొందరికి కళ్లు తిప్పుతాయి, వెలుగు మిణుకుకి మూర్ఛ వచ్చే పిల్లలకి ఇబ్బంది. 12 × 8 చాలు.

ఫిల్ము ఖర్చు భారమైన పేజీల్లో లేపాక్షి పద్ధతి చూడండి. అక్కడి రాతిమీద ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు చెక్కి ఉంది. రెండు తలలు చేత్తో మూస్తే మిగిలిన తలతో ఒక్కో భంగిమలో ఆవు కనిపిస్తుంది. బొమ్మ మీద ముడిచే రెండు రెప్పలు చాలు. రెప్ప మడత గీత ఏ తలకీ మధ్యలో పడకుండా చూసుకోవడమే పని.